ఆటబొమ్మల రంగులు – ఒక ధర్మసందేహం

మన భాషలో రెండు సామెతలు పక్కపక్కనే ఉంటూ ఒకదానినొకటి ఖండించుకుంటాయి. ‘నిదానమే ప్రధానం’ అంటుంది ఒకటి. ‘ఆలస్యం అమృతం విషం’ అంటుంది మరొకటి. మన పెద్దలెవరూ వీటిలో ఒకదానిని తోసిపుచ్చి రెండవదానిని మాత్రమే నిలుపుకోలేదు. సందర్భాన్ని బట్టి రెంటినీ వాడుకుంటూనే వచ్చారు. అయితే ఆ సందర్భాన్ని నిర్ణయించేది ఏమిటి? చేసే పనిలో ఎంత శ్రద్ధ చాలు? ఎక్కడ ఆగితే అది నిర్లక్ష్యం, ఎక్కడ ఆగకపోతే అది వ్యామోహం? మగ్గం ముందు కూర్చున్న నేతగానికీ, బల్లమీద ఫైళ్ళు పేరుకుపోయిన అధికారికీ, అచ్చుకు పంపవలసిన రచనను మళ్ళీ మళ్ళీ దిద్దుకునే రచయితకూ ఈ ప్రశ్న సమానంగానే ఎదురవుతుంది.

ఇటువంటి ప్రశ్నను పెద్ద విషయాలలో పరిశీలించబోతే జీతం, పదవి, భయం, పోటీ మొదలైనవి అడ్డువచ్చి అసలు సంగతి మరుగున పడుతుంది. కాబట్టి ఒక చిన్న విషయాన్ని ఎన్నుకోవడం మేలు. బల్లపై ఆడే యుద్ధక్రీడల కోసం బొటనవేలి కణుపంత బొమ్మలకు రంగులు వేసే వ్యాసంగం అటువంటిది. దీనిని వృత్తిగా స్వీకరించినవారు కొద్దిమంది. తక్కినవారందరూ ఇష్టం కొద్దీ, తీరిక వేళల్లో చేసేవారే. ఎవరూ బలవంతపెట్టని పని ఇది. అయినా వేగమా, నాణ్యమా అన్న వివాదం ఈ చిన్న ప్రపంచంలో ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంది. బలవంతం లేనిచోట కూడా తెగని వివాదం మనిషి స్వభావానికి సంబంధించినదే అయివుండాలి.

బొమ్మల వెనుక చరిత్ర

ఈ ఆటలు యూరపులో రూపుదిద్దుకున్నాయి. ప్రష్యా దేశంలో రైస్విట్జ్ అనే ఉద్యోగి 1812లో రాజు మూడవ ఫ్రెడరిక్ విలియంకు ఒక క్రీడాఫలకాన్ని సమర్పించాడు. నేల స్వరూపాన్ని చూపే పలకలు, సైనికదళాలకు గుర్తుగా చిన్న దిమ్మెలు అందులో ఉండేవి. ఆయన కుమారుడు 1824లో ఆ ఆటను సైనికపటాలపై ఆడే విధంగా సంస్కరించగా, ప్రష్యా సైన్యం దానిని అధికారుల శిక్షణకు స్వీకరించింది. ఆ ఆటలో అలంకరణకు చోటు లేదు. ఏ దిమ్మె ఏ పక్షానిదో, ఏ దళానిదో తెలిస్తే చాలు.

మరోవైపు జర్మనీలోని నురెంబర్గ్ నగరంలో తగరంతో పోతపోసిన పలుచని సైనికుల బొమ్మలు 18వ శతాబ్దం నుంచే పిల్లల చేతుల్లోకి వెళ్ళసాగాయి. వాటికి రంగులు వేసే పనిని ఇళ్ళ దగ్గర స్త్రీలు, పిల్లలు ముక్కకింత అని కూలికి చేసేవారు. 1893లో లండన్ నగరంలో విలియం బ్రిటన్ సంస్థ లోపల బోలుగా ఉండే సీసపు బొమ్మలను పోతపోసే పద్ధతిని ప్రవేశపెట్టడంతో లోహం ఖర్చు తగ్గి ఈ బొమ్మలు సామాన్య కుటుంబాలకు కూడా అందుబాటులోకి వచ్చాయి. ప్రసిద్ధ రచయిత హెచ్. జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అనే చిన్న పుస్తకంలో ఈ బొమ్మలతో ఆడదగిన నియమాలను పొందుపరిచాడు. శిక్షణ కోసం పుట్టిన యుద్ధక్రీడా, పిల్లల కోసం పుట్టిన రంగుబొమ్మా ఆ పుస్తకంలో ఒక్కటయ్యాయి.

1974లో అమెరికాలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే కల్పనాక్రీడ వెలువడింది. ఇంగ్లండులో 1975లో గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ, 1979లో బొమ్మలను పోతపోసే సిటడెల్ మినియేచర్స్ సంస్థ ఏర్పడ్డాయి. 1983లో ‘వార్‌హామర్’ అనే యుద్ధక్రీడ వచ్చింది. నేడు నాటింగ్‌హామ్ పట్టణాన్ని ఈ వ్యాసంగానికి రాజధాని అని చెప్పవచ్చు.

ఈ చరిత్రలో ఒక మలుపును ప్రత్యేకంగా గమనించవలసి ఉంది. బ్రిటన్ సంస్థ బొమ్మ రంగులతోనే అంగడికి వచ్చేది. ఇప్పటి యుద్ధక్రీడల బొమ్మ చాలావరకు బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలుగా వస్తుంది. కొన్నవాడే దానిని అతికించుకోవాలి, రంగు వేసుకోవాలి. ముక్కకింత అని కూలి పుచ్చుకున్న నాటి పనివారికి ‘ఎంత శ్రద్ధ చాలు’ అన్న ప్రశ్నను కూలి రేటే తేల్చివేసేది. నేటి ఆటగానికి ఆ ప్రశ్నను తేల్చిపెట్టేవారు లేరు. పని అతనికి బదిలీ అయినప్పుడు దానితోపాటు ధర్మసందేహం కూడా బదిలీ అయింది.

కాలం ఎక్కడ ఖర్చవుతుంది?

సాధారణంగా 28 మిల్లీమీటర్ల ఎత్తుండే ఈ బొమ్మకు రంగు వేసే క్రమం చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. మొదట రంగు పట్టుకోవడానికి ప్రైమర్ పూత వేస్తారు. తరువాత దుస్తులు, కవచం, చర్మం, ఆయుధం మొదలైనవాటికి వేటికి తగిన రంగు వాటికి నింపుతారు. ఆపైన నీళ్ళవంటి ముదురు రంగును ఒంటినిండా పూస్తారు. అది మడతల్లోకి, పల్లాల్లోకి జారి నీడలా నిలుస్తుంది. చివరకు ఎత్తైన అంచులపై లేతరంగు తగిలిస్తారు. దీనికొక సులభమైన పద్ధతి ఉంది. కుంచెలోని రంగును గుడ్డకు తుడిచివేసి, దాదాపు పొడిగా మారిన కుంచెను బొమ్మపై చకచకా ఆడిస్తే గరుకు అంచులు మాత్రమే రంగు పట్టుకుంటాయి. ఇంతవరకు చేస్తే బల్లపై చూడముచ్చటగానే ఉంటుంది. ఒక్కొక్క బొమ్మకు అరగంటో, గంటో పడుతుంది.

అసలు కాలం ఖర్చయ్యేది ఇక్కడి నుంచే. నీడకూ వెలుగుకూ మధ్య గీత కనబడకుండా పలుచని పూతలు ఒకదానిపై ఒకటి వేయడం, కంటిపాపను చుక్కపెట్టి నిలపడం, పతాకంపై చిహ్నాన్ని స్వహస్తంతో చిత్రించడం మొదలైన పనులకు హద్దంటూ లేదు. మొదటి గంటలో బొమ్మ రూపమే మారిపోతుంది. అయిదవ గంటలో జరిగిన మార్పును కనిపెట్టాలంటే బొమ్మను కంటి దగ్గరకు తెచ్చుకోవాలి. శ్రమ పెరిగిన కొద్దీ ఫలితం సన్నగిల్లుతూ పోవడం ఈ పనికి ఉన్న లక్షణం.

చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక సైన్యానికి 100 బొమ్మలు కావాలనుకుందాం. ఒక్కొక్కదానికి 5 గంటల చొప్పున 500 గంటలు అవుతాయి. ఉద్యోగం చేసుకుంటూ వారానికి 2 గంటలు మాత్రమే కేటాయించగల మనిషికి అది 250 వారాల పని, అంటే దాదాపు 5 సంవత్సరాలు. అదే ఒక్కొక్కదానికి 40 నిమిషాలతో సరిపెట్టుకుంటే 8 నెలలలో పూర్తవుతుంది. ఎన్నో ఇళ్ళలో కొన్న బొమ్మలు రంగుకు నోచుకోక పెట్టెల్లోనే ఉండిపోవడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది. ప్రతి బొమ్మా కళాఖండం కావాలనుకున్నవాని సైన్యం ఎన్నడూ యుద్ధానికి బయలుదేరదు.

ఈ చిక్కును తప్పించుకోవడానికి ఆటగాళ్ళు ఉపాయాలు కనిపెట్టారు. పది బొమ్మలను వరుసగా నిలిపి, ముందు పదింటికీ ఒకే రంగు, తరువాత పదింటికీ మరో రంగు వేసుకుంటూ పోవడం వాటిలో మొదటిది. ఆడమ్ స్మిత్ 1776లో గుండుసూదుల కర్మాగారాన్ని ఉదాహరణగా చూపి, ఒక పని నుంచి మరో పనికి మారడంలో వృథా అయ్యే కాలం ఆదా కావడం శ్రమవిభజన వల్ల కలిగే లాభాలలో ఒకటి అన్నాడు. ఇక్కడ ఒకే మనిషి తనలోనే ఆ విభజనను అమలు చేసుకుంటాడు. అయితే ఒకే చిన్న పనిని జీవితమంతా చేసేవాని బుద్ధి మొద్దుబారుతుందని హెచ్చరించినవాడు కూడా ఆ ఆడమ్ స్మిత్తే. వరుసలో పది ఉన్నప్పుడు ఉత్సాహంగా సాగిన చెయ్యి, నలభై ఉన్నప్పుడు విసుగుతో తప్పటడుగులు వేస్తుంది. వేగానికీ ఒక హద్దు ఉన్నదన్నమాట. 2019లో గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ ‘కాంట్రాస్ట్’ అనే కొత్త తరహా రంగులను విడుదల చేసింది. లేతరంగు ప్రైమర్‌పై ఒక్క పూత వేస్తే పల్లంలో చిక్కగా, మిట్టపై పలుచగా నిలిచి నీడనూ వెలుగునూ ఒకేసారి చూపగలగడం వాటి విశేషం.

ఇరుపక్షాల వాదన

నిదానాన్ని సమర్థించేవారి వాదం తేలికైనది కాదు. ‘ఇది ఎవరూ అడగని పని. ఇష్టంతో చేసే పనిలో కూడా తొందరపడితే ఇక జీవితంలో తొందరపడని చోటేది? రంగు వేయడమే ఆనందం. దానిని త్వరగా ముగించాలనుకోవడం భోజనాన్ని త్వరగా ముగించాలనుకోవడం వంటిది’ అని వారంటారు. 1987 నుంచి జరుగుతున్న ‘గోల్డెన్ డెమన్’ పోటీలు ఈ పక్షానికి ఆదర్శం. ఆ పోటీకి వచ్చే ఒక్కొక్క బొమ్మ వెనుక ఎంతో దీర్ఘమైన శ్రమ ఉంటుంది. న్యాయనిర్ణేతలు దానిని దగ్గరగా పెట్టుకుని పరీక్షిస్తారు.

వేగాన్ని సమర్థించేవారి వాదానికీ బలముంది. ‘ఇవి అద్దాల బీరువాలో పెట్టుకునే విగ్రహాలు కావు. ఎదుటివానితో కలిసి ఆడే ఆటకు పనిముట్లు. ఆటగాడు వీటిని రెండు మూడు అడుగుల దూరం నుంచి, వందలో ఒకటిగా చూస్తాడు. కనుబొమల గీతను గమనించేవారెవరు? నేను అయిదేళ్ళు కుంచె పట్టుకుని కూర్చుంటే నాతో ఆడవలసిన మిత్రుడు అయిదేళ్ళూ ఎదురుచూడాలా?’ అని వారి ప్రశ్న.

2020లో ‘వార్‌హామర్ 40,000’ ఆట తొమ్మిదవ ముద్రణ వెలువడినప్పుడు ఈ వివాదం నియమాలలోకే ప్రవేశించింది. సైన్యానికంతటికీ ప్రాథమిక స్థాయిలో రంగు వేసుకుని వచ్చినవారికి 100 పాయింట్లలో 10 పాయింట్లు కేటాయించారు. ప్రధాన భాగాలకు రంగు, కాలికింది పీఠానికి ఒక ముగింపు ఉంటే ఆ స్థాయి సిద్ధించినట్టే. రంగుల నైపుణ్యానికీ యుద్ధ నైపుణ్యానికీ ముడిపెట్టడం న్యాయమా అని కొందరు ఆక్షేపించారు. కాని ఆ నియమం నైపుణ్యాన్ని కొలవలేదని గుర్తించాలి. మహాచిత్రకారునికీ ఆ 10 పాయింట్లే, నిన్న కుంచె పట్టినవానికీ ఆ 10 పాయింట్లే. పనిని పూర్తి చేశాడా లేదా అన్నది మాత్రమే అది చూసింది. పరిపూర్ణత వేరు, పూర్తి వేరు. మొదటిది కొందరికే సాధ్యం. రెండవది అందరి బాధ్యత.

గంజిఫా చెప్పే పాఠం

ఆటవస్తువులకు చేత్తో రంగులు వేసే సంప్రదాయం మన దేశానికి కొత్త కాదు. గుండ్రని గంజిఫా పేకముక్కలు ఇందుకు నిదర్శనం. బాబరు 1527లో సింధు ప్రాంతపు షా హుసేన్‌కు గంజిఫా ముక్కలు పంపినట్టు తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు. అక్బరు కాలంలో ఆ ఆట ఎలా ఉండేదో అబుల్ ఫజల్ ‘అయినీ అక్బరీ’లో వర్ణించాడు. కాలక్రమాన అది దేశమంతటా వ్యాపించి దశావతారాల రూపం కూడా ధరించింది. బెంగాలులోని విష్ణుపురం, ఒడిశాలోని రఘురాజ్‌పూర్, మహారాష్ట్రలోని సావంత్‌వాడి, కర్ణాటకలోని మైసూరు, తెలంగాణలోని నిర్మల్ ఈ కళకు పేరొందిన కేంద్రాలు.

ఈ కళలో దర్బారు కలం, బజారు కలం అనే రెండు స్థాయిలు ఉండేవి. సంస్థానాధీశుల కోసం దంతంపైనా, తాబేటి చిప్పపైనా బంగారు రేకుతో చిత్రించినవి దర్బారు కలానికి చెందినవి. గుడ్డనో కాగితాన్నో పొరలు పొరలుగా అతికించి, చింతగింజల జిగురుతో గట్టిపరచి, గీతలు చకచకా లాగి అంగట్లో సామాన్యులకు అమ్మినవి బజారు కలానికి చెందినవి. ఒకే వృత్తి, ఒకే విధమైన కుంచె. కాని కొనేవాని స్తోమతను బట్టి, ఆడే చోటును బట్టి శ్రమ మారింది. బజారు కలాన్ని ఎవరూ మోసం అనలేదు. కారణం స్పష్టమే. అది తాను బజారు కలమేనని దాచలేదు. దర్బారు కలం వెల అడగలేదు.

ఒకే కట్టలోపల కూడా ఇటువంటి వివేకం కనిపిస్తుంది. దశావతార గంజిఫాలో 10 జాతులు, జాతికి 12 చొప్పున 120 ముక్కలు ఉంటాయి. ప్రతి జాతిలోనూ రాజు, మంత్రి అనే రెండు ముక్కలపై మనుషుల బొమ్మలు, మిగిలిన పదింటిపై అంకెను తెలిపే గుర్తులు ఉంటాయి. అంటే 120లో బొమ్మ ముక్కలు 20, గుర్తుల ముక్కలు 100. చిత్రకారుడు ఆ ఇరవైపై కాలాన్ని వెచ్చించి, ఈ నూటిని అలవాటుపడిన చేతితో వేగంగా ముగించగలడు. నాటింగ్‌హామ్ ఆటబొమ్మలను చిత్రించేవారు కూడా ఇదే మార్గానికి చేరుకున్నారు. సేనానికి, పతాకధారికి ఎక్కువ గంటలు, వరుసలో నిలిచే కాలిబంటుకు తక్కువ నిమిషాలు కేటాయిస్తారు. ఒకరి సంగతి ఒకరికి తెలియకపోయినా పని స్వభావం ఇద్దరికీ ఒకే బుద్ధి నేర్పింది.

అంతకన్నా లోతైన పాఠం గంజిఫా ముక్క వెనుకవైపున ఉంది. ముఖంపై శంఖం కాస్త వంకరగా ఉన్నా ఆటకు నష్టం లేదు. కాని వీపువైపు రంగు అన్ని ముక్కలకూ ఒకేలా ఉండి తీరాలి. ఒక్క ముక్క వీపుపై మరక ఉన్నా ఎదుటివాడు దానిని గుర్తుపట్టగలడు. ఆటలో న్యాయం చెడుతుంది. అందం లేని పక్కనే, ఎవరూ మెచ్చుకోని పక్కనే తొందరకు తావు లేదు. ఆటబొమ్మలలోనూ అంతే. కంటిపాప లేకపోయినా ఎవరికీ నష్టం లేదు. ఏ సైనికుడు ఏ దళానికి చెందినవాడో, చేతిలో ఏ ఆయుధం ఉన్నదో ఎదుటివానికి తేటగా కనిపించకపోతే నష్టముంది. ఇతరుల న్యాయం మన పనిలోని ఏ భాగంపై ఆధారపడి ఉన్నదో ఆ భాగంలో నాణ్యం విషయమై రాజీ పనికిరాదు. తక్కిన భాగాలలో అది మన ఇష్టం, మన స్తోమత.

వేగం కూడా ఒక గుణమే

వేగం పెరిగితే నాణ్యం తగ్గుతుందని, నాణ్యం కావాలంటే వేగాన్ని వదులుకోవాలని మనం తరచుగా భావిస్తాము. ఇది సగం నిజం మాత్రమే. ముగ్గు వేసే ఇల్లాలిని చూడండి. పిండి వేళ్ళ సందున ధారగా జారుతుండగా గీత ఆగకుండా సాగితేనే సన్నగా, సమంగా వస్తుంది. ఆలోచిస్తూ ఆగిన చోట పిండి కుప్పగా పడుతుంది. కుంచె విషయమూ ఇంతే. ఒక్క ఊపులో లాగిన గీతలో ఉండే జీవం, పదిసార్లు దిద్దిన గీతలో ఉండదు. బజారు కలపు ముక్కలలో నాలుగు గీతలతో చేపగానో గొడ్డలిగానో మారిన గుర్తులు కొన్ని, దర్బారు కలపు నగిషీకన్నా నేటి రసికులను ఎక్కువగా ఆకర్షించడానికి కారణం ఇదే.

జపాన్ దేశపు తత్త్వవేత్త యనాగి సోయెత్సు 1920లలో జానపద హస్తకళల గౌరవం కోసం ఒక ఉద్యమాన్ని నడిపాడు. పేరులేని కుమ్మరి రోజుకు వందలకొద్దీ పాత్రలపై ఒకే గీతను వేసివేసి, గీస్తున్నానన్న స్పృహను కూడా దాటిపోతాడని, ఆ స్థితిలో వచ్చిన గీత సహజసుందరంగా ఉంటుందని ఆయన అభిప్రాయం. ఆంగ్ల విమర్శకుడు జాన్ రస్కిన్ 1853లోనే ఈ విషయాన్ని మరో కోణం నుంచి చూశాడు. ప్రతి వస్తువూ నున్నగా, లోపరహితంగా ఉండాలని పట్టుబట్టడం పనివానిని యంత్రంగా మార్చడమేనని, చిన్న లోపాలు జీవానికి గుర్తులని ఆయన వాదించాడు.

ఈ ఇద్దరి మాటలనూ సోమరితనానికి సమర్థనగా తీసుకోరాదు. కుమ్మరి వేగం వేలసార్లు చేసిన పని ఇచ్చిన ఫలం. మొదటిరోజునే వేగంగా గీసినవాని గీతలో ఆ సౌందర్యం రాదు. కాబట్టి వేగం రెండు రకాలు. సాధన వల్ల వచ్చిన వేగం ఒకటి, సాధనను తప్పించుకోవడానికి తెచ్చుకున్న వేగం మరొకటి. పైకి రెండూ ఒకేలా కనిపించినా మొదటిది నాణ్యానికి బిడ్డ, రెండవది శత్రువు. బొమ్మల చిత్రకారులలో అనుభవజ్ఞులు కొత్తవారికి చెప్పే మొదటి మాట, చిక్కగా ఒక పూత వేసే బదులు పలుచగా రెండు పూతలు వేయమని. చిక్కని పూత వేగంగా అయిపోతుంది గాని పోతలోని మడతలను, ముఖకవళికలను కప్పివేస్తుంది. శిల్పి చెక్కిన రేఖను చిత్రకారుని తొందర చెరిపివేయకూడదు. మన పనికి ముందు మరొకరి పని ఉన్నదన్న గౌరవం కూడా నాణ్యంలో భాగమే.

రెండు వైపుల దోషాలు

వేగం ఎప్పుడు దోషమవుతుంది? తనను తాను దాచుకున్నప్పుడు. కూలికి బొమ్మలను చిత్రించి ఇచ్చే చిత్రణశాలలు ఈనాడు అనేక దేశాలలో ఉన్నాయి. దక్షిణాసియాలో శ్రీలంక నుంచి కూడా పాశ్చాత్య ఆటగాళ్ళ సైన్యాలకు రంగులు వేసి పంపినవారున్నారు. ఇటువంటి చిత్రణశాలలు సాధారణంగా బల్లస్థాయి, ప్రదర్శనస్థాయి అంటూ మెట్లు ఏర్పరచి, ఒక్కొక్క మెట్టుకు ఒక ధర ప్రకటిస్తాయి. ఇది దర్బారు, బజారు కలాల విభజనకు నేటి రూపం. బల్లస్థాయి ధర పుచ్చుకుని బల్లస్థాయి పని ఇవ్వడంలో తప్పు లేదు. ప్రదర్శనస్థాయి ధర పుచ్చుకుని, ఛాయాచిత్రంలో కనబడే పక్కను మాత్రమే తీర్చిదిద్ది ఇవ్వడం తప్పు. రెండు సందర్భాలలోనూ వేగం ఒకటే కావచ్చు. మాట తప్పడం మాత్రం రెండవదానిలోనే ఉంది.

కొనేవాడు కూడా ఇక్కడ ఆలోచించుకోవాలి. బల్లస్థాయి కూలి ఇచ్చి ప్రదర్శనస్థాయి పని ఆశించడం, ఆ పని చేసేవాని నిద్రను ఉచితంగా కోరడమే. దూరదేశాలలో తక్కువ వెలకు దొరికే నైపుణ్యాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ వెల ఎందుకు తక్కువగా ఉన్నదో కూడా తలచుకోవడం మర్యాద. నురెంబర్గ్ ఇళ్ళలో ముక్కకింత అని కూలి పుచ్చుకున్న పిల్లల చేతులు ఈ వ్యాసంగపు చరిత్ర నుంచి చెరిగిపోయినవి కావు.

శ్రద్ధ ఎప్పుడు దోషమవుతుంది? ఇతరులకు ఇచ్చిన కాలాన్ని మింగివేసినప్పుడు. రేపటి ఆటకు సైన్యం తెస్తానని మాట ఇచ్చినవాడు ఒక్క సేనాని పతాకంపైనే రాత్రంతా గడిపి, మిగిలిన తొంభైతొమ్మిది మందిని బూడిదరంగుతో వదిలేస్తే ఆ పతాకం ఎంత అందంగా ఉన్నా మిత్రునికి అపకారమే జరిగింది. పరిపూర్ణత కోసం తపన పైకి వినయంలా కనబడుతుంది గాని దానిలో సూక్ష్మమైన అహంకారం దాగి ఉండవచ్చు. తన చేతినుంచి వెలువడే ఏ వస్తువూ సామాన్యంగా ఉండరాదనే పట్టుదల, నిజానికి ఆ వస్తువును గురించినది కాదు. తన పేరును గురించినది. విమర్శకు దొరకకుండా ఉండాలంటే పనిని ముగించకుండా ఉంచడమే సులభమైన ఉపాయం. అసంపూర్ణమైన పనిని ఎవరూ తప్పుపట్టలేరు కదా!

ఔచిత్యం అనే కొలమానం

పదకొండవ శతాబ్దానికి చెందిన కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ‘ఔచిత్య విచార చర్చ’ అనే గ్రంథంలో కావ్యానికి ప్రాణం ఔచిత్యమేనని ప్రతిపాదించాడు. ఆభరణం ఎంత విలువైనదైనా తగనిచోట ధరిస్తే నవ్వుపాలవుతుందని ఆయన చూపించాడు. కావ్యాన్ని గురించి చెప్పిన ఈ సూత్రం చేతిపనికి కూడా చక్కగా అన్వయిస్తుంది. నాణ్యం అనేది వస్తువులో మాత్రమే ఉండే గుణం కాదు. వస్తువుకూ, దాని ప్రయోజనానికీ, దానిని చూసే కంటికీ మధ్య ఉండే పొందిక అది.

ఆ పొందికను కనుగొనడానికి చిత్రకారుడు మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఇది ఎంత దూరం నుంచి కనబడుతుంది? దూరపు కొండలు నునుపు అని మనవారు ఊరకే అనలేదు. మూడడుగుల దూరం నుంచి చూసే బొమ్మకు సన్నని ఛాయాభేదాలకన్నా వెలుగునీడల గట్టి తేడా ముఖ్యం. అక్కడ సున్నితమైన పని వ్యర్థం కావడమే కాదు, ఒక్కొక్కసారి బొమ్మను మసకగా కూడా చేస్తుంది. రెండవది, ఇటువంటివి ఎన్ని ఉన్నాయి? ఒంటరిగా నిలిచే బొమ్మలో కనబడే లోపం వందలో కలిసిపోతుంది. కాని వందింటిలోనూ వరుసగా ఉన్న లోపం దూరం నుంచి కూడా కనబడుతుంది. అందువల్ల సమూహంలో ఒక్కొక్కదాని అందం కన్నా అన్నింటి ఏకరూపత మిన్న. మూడవది, దీనిపై ఎవరికి, ఏమని మాట ఇచ్చాను? ఆ మాట మిత్రునికి ఇచ్చినది కావచ్చు, డబ్బు ఇచ్చినవానికి ఇచ్చినది కావచ్చు, ఎవరితోనూ నిమిత్తం లేకుండా తనకు తానే ఇచ్చుకున్నది కావచ్చు.

చివరి మాటను తేలికగా తీసుకోరాదు. ఏడాదికి ఒక్క బొమ్మనైనా కాలాన్ని లెక్కపెట్టకుండా, తన శక్తి ఎంతవరకు పోతుందో చూసుకోవడానికి చిత్రించేవారున్నారు. అది ఆటకోసం కాదు, నేర్చుకోవడం కోసం. అలా నేర్చుకున్నదే మరుసటి ఏడాది వంద బొమ్మలపై వేగంగా మారి కనిపిస్తుంది. దర్బారు కలాన్ని అభ్యసించిన చెయ్యి బజారు కలంలోనూ తడబడదు. ఈ విధంగా చూస్తే నిదానం, వేగం పరస్పరం శత్రువులు కావు. ఒకటి పెట్టుబడి, మరొకటి దానిపై వచ్చే రాబడి.

ఈ విచారణను ఆటబల్ల నుంచి మన బల్లల మీదికి తెచ్చుకోవడం కష్టం కాదు. కార్యాలయంలోని ప్రతి కాగితమూ ఒకే స్థాయి శ్రద్ధను కోరదు. రోజువారీ రసీదును కావ్యంలా తీర్చిదిద్దనక్కరలేదు. కాని ఒక వృద్ధురాలి పింఛను కాగితంలో పుట్టినతేదీ సరిగా ఉన్నదా అన్నది గంజిఫా ముక్క వీపు వంటిది. దానిని ఎవరూ మెచ్చుకోరు, కాని న్యాయమంతా దానిపైనే ఆధారపడి ఉంటుంది. ఏ పనిలో ఏది ముఖమో, ఏది వీపో తెలుసుకోవడమే పనితనంలో మొదటి మెట్టు. అది తెలిసినవాడు ముఖంపై త్వరపడినా ఎవరికీ అన్యాయం జరగదు. అది తెలియనివాడు ఎంత నిదానించినా, ఆ నిదానం వల్ల వృద్ధురాలికి ఒరిగేది లేదు.